సైకిలు మీద భీమిలికి: కొత్తవాళ్లతో సముద్రం పక్కన ఒక రాత్రి

సైకిలుకు సామాను కట్టుకుని బయల్దేరడం, సాయంత్రానికి సముద్రం దగ్గరికి చేరి టెంటు వేసుకోవడం, రాత్రి అక్కడే పడుకుని మర్నాడు తిరిగి రావడం. బైక్‌ప్యాకింగ్ అంటే ఇంతే. దీనికి లక్ష రూపాయల సైకిలు అక్కర్లేదు, రోజూ యాభై కిలోమీటర్లు తొక్కే అలవాటూ అక్కర్లేదు. మంచి దారి, నమ్మకమైన చోటు, ముందుగా చేసుకున్న కాస్త ఏర్పాటు ఉంటే చాలు.

విశాఖపట్నంలో ఆ దారి ఉంది. ఆర్కే బీచ్ నుంచి భీమునిపట్నం (భీమిలి) దాకా బీచ్ రోడ్డు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆగుతారన్నదాన్ని బట్టి 25 నుంచి 30 కిలోమీటర్లు. దారి పొడవునా ఊళ్లున్నాయి, కొబ్బరి బొండాల బండ్లున్నాయి, ఆర్టీసీ బస్సులూ ఆటోలూ తిరుగుతుంటాయి. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఇంటికి పంపడం కష్టం కాదు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి దారి మన తీరంలో నాకు కనిపించలేదు. చుట్టూ ఏమీ లేని చోటికి వెళ్లాలని ఉంటుంది, నిజమే. అది మూడోసారికో నాలుగోసారికో పెట్టుకోండి.

ఈ ట్రిప్పు నడిపే బాధ్యత మీరు తీసుకుంటున్నారనుకుని రాస్తున్నాను. ప్రతి నిర్ణయం దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: గుంపులో అందరికన్నా నెమ్మదిగా తొక్కే మనిషికి ఇది సుఖంగా ఉంటుందా? దూరం, బయల్దేరే టైము, సామాను బరువు, పడుకునే చోటు, అన్నీ ఆ మనిషిని బట్టే తేల్చుకోవాలి. గట్టిగా తొక్కగలిగేవాళ్లు ఎలాగైనా చేరుకుంటారు. వాళ్ల కోసం ప్లాన్ అక్కర్లేదు.

ముందు మనుషుల్ని చూసుకోండి

ఆరుగురు నుంచి ఎనిమిది మంది దాకా బాగుంటుంది. అంతకు మించితే రోడ్డు మీద గుంపు తెగిపోతుంది, చోటు దొరకడమూ కష్టం. వాళ్లలో కనీసం ఇద్దరికి పంక్చర్ వేయడం వచ్చి ఉండాలి, ఆ ఇద్దరికీ దారి తెలిసి ఉండాలి. అమ్మాయిలు వస్తుంటే ఒక్కరే కాకుండా ఇద్దరు ముగ్గురు ఉండేలా చూడండి. వాళ్లు అడగకముందే బాత్రూమ్, పడుకునే చోటు సంగతులు చెప్పండి. ఈ రెండూ తెలియక ఇష్టం ఉండీ రానివాళ్లు చాలామంది ఉంటారు.

ట్రిప్పుకు వారం పది రోజుల ముందు ఒక ఆదివారం పొద్దున అందరినీ పిలిచి ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా వెళ్లి రండి. రానూపోనూ సుమారు 20 కిలోమీటర్లు. ఇది పరీక్ష కాదని ముందే చెప్పండి. ఎవరు ఎంత వేగంగా తొక్కుతున్నారో కాదు, ఎవరు ఎలా కూర్చుంటున్నారో గమనించండి. కొత్తవాళ్లలో చాలామంది సీటు మరీ కిందికి పెట్టుకుంటారు. అందుకే పది కిలోమీటర్లకే మోకాళ్లు లాగుతాయి. పెడల్ అడుక్కి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు మునివేళ్ల దగ్గరి భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ఈ ఒక్క మార్పుతో “నా వల్ల కాదేమో” అన్నవాళ్లు హాయిగా తొక్కడం చూస్తారు.

తర్వాత వాట్సాప్ గ్రూపు పెట్టి అన్నీ విడమరిచి రాయండి. ఎన్ని కిలోమీటర్లు, ఎన్నింటికి ఎక్కడ కలుస్తాం, ఎక్కడ పడుకుంటాం, మనిషికి ఎంత ఖర్చు, మర్నాడు ఎన్నింటికి ఇంట్లో ఉంటాం. ప్రతి ఒక్కరి దగ్గరా ఇంట్లోవాళ్ల నంబరు, రోజూ వేసుకునే మందుల వివరం, పడని తిండి ఏదైనా ఉంటే అదీ తీసుకోండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ బ్యాగు అడుగున కాకుండా చేతికందే చోట పెట్టుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలి

డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్ల కాలం. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. ఆ రోజుల్లో ఆకాశం చూసి ధైర్యం చేయకండి, వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. మార్చి దాటితే ఎండ ముదురుతుంది, నైరుతి గాలి బలపడి తిరుగు ప్రయాణంలో ముఖానికి కొడుతుంది.

చలికాలంలో ఒక చిక్కు ఉంది. విశాఖ తూర్పు తీరంలో ఉండడం వల్ల డిసెంబరులో సాయంత్రం ఐదున్నర ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు. ఆరింటికల్లా చీకటి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు ఇది తట్టదు. కాబట్టి టైము వెనక నుంచి లెక్కేయండి. టెంట్లు వెలుతురులో వేయాలంటే నాలుగున్నరకు అక్కడ ఉండాలి. కొత్తవాళ్లతో, ఆగుతూ వెళ్తే 28 కిలోమీటర్లకు మూడు గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు చక్రం కదలాలి. ఆ ఎండ భరించలేమనుకుంటే పొద్దున ఆరున్నరకే బయల్దేరి, దారిలో చూడాల్సినవి చూసుకుంటూ మధ్యాహ్నానికి చేరండి. రెండోదే నాకు ఇష్టం. రోజంతా చేతిలో ఉంటుంది, ఎవరికీ టెన్షన్ ఉండదు.

కొత్త సంవత్సరం ముందురోజు, సంక్రాంతి సెలవులు, బీచ్ పండగల రోజులు వదిలేయండి. ఆ రాత్రుల్లో బీచ్ రోడ్డు మీద సైకిలు వాళ్లకు చోటుండదు.

పడుకునే చోటు

చోటు ఖాయం కాకుండా తేదీ ప్రకటించొద్దు. బీచ్ మీద ఎక్కడో ఒకచోట టెంటు వేసుకోవచ్చులే అన్న ఆలోచన పూర్తిగా మానుకోండి. రాత్రిపూట బహిరంగ బీచ్‌లో దీపాలుండవు, పోలీసులు వచ్చి లేపి పంపేస్తారు, పోటు వస్తే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో కొత్తవాళ్లకు తెలియదు. అన్నిటికన్నా ముఖ్యం, అది మత్స్యకారులు పని చేసుకునే నేల. వలలు ఆరేసేదీ, తెల్లవారకముందే పడవలు దించేదీ అక్కడే. వాళ్ల దారిలో మనం గుడారాలు వేసి పడుకోకూడదు.

మంగమారిపేట నుంచి భీమిలి దాకా, భీమిలి దాటాక కూడా టెంట్లు వేసుకోనిచ్చే ప్రైవేటు స్థలాలు, రిసార్టుల పచ్చిక బయళ్లు, సరుగుడు, కొబ్బరి తోటల యజమానులు ఉన్నారు. గేటు, కాపలా మనిషి, బాత్రూమ్, మంచినీళ్లు, ఈ నాలుగూ ఉంటే చాలు. సముద్రం కనిపించకపోయినా అల చప్పుడు వినిపిస్తే అది సముద్రం పక్కన చోటే. ఫోటోలు చూసి డబ్బు కట్టకండి, గుంపులో ఒకరు ముందుగా వెళ్లి చూసి రండి. వెళ్లినప్పుడు ఇవి అడగండి: రాత్రి గేటు మూస్తారా, మూస్తే తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఆడవాళ్లకు వేరే బాత్రూమ్ ఉందా, దానికి లోపలి గడియ పనిచేస్తుందా? సైకిళ్లు లోపల పెట్టుకోవచ్చా? స్టవ్ వెలిగించుకోనిస్తారా? అదే రాత్రి పక్కన డీజే పార్టీ ఏదైనా ఉందా? ఆఖరి ప్రశ్న అడగడం చాలామంది మర్చిపోతారు. సౌండ్ బాక్సుల పక్కన టెంటులో నిద్ర రాదు, మర్నాడు తొక్కలేరు.

అందరూ ఆధార్ కార్డు తెచ్చుకోవాలి. కాపలా మనిషి నంబరు కనీసం ఇద్దరి ఫోన్లలో ఉండాలి. స్థానిక పోలీసు స్టేషన్‌కు ఫోన్ చేసి ఫలానా చోట ఇంతమందిమి ఉంటున్నామని ఒక మాట చెప్పడం మంచిది.

సైకిలు సిద్ధం చేయడం

గేర్ల సైకిలు ఉంటే మేలు, లేకపోయినా ఫర్వాలేదు. మామూలు సైకిలు వాళ్లు ఎత్తు వచ్చినచోట దిగి నడిపించుకుంటారు, అంతే. బ్రేకులు మాత్రం గట్టిగా పట్టాలి. బ్రేకు షూలు అరిగి ఉంటే మార్పించండి, వందల్లో అయ్యే పని. చైనుకు ఆయిల్, టైర్ల మీద పగుళ్లు, క్యారియర్ బోల్టులు చూడండి. బరువు పెట్టాక రోడ్డు కుదుపులకు మొదట వదులయ్యేవి ఆ బోల్టులే.

టైరులో గాలి ఎంత ఉండాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. ఆ పరిధిలోనే ఉంచి, వెనక చక్రానికి బరువు పడుతుంది కాబట్టి ముందు చక్రం కంటే కాస్త ఎక్కువ పెట్టండి. ఇక్కడ ఒక విషయం. కొత్త హైబ్రిడ్, రోడ్డు సైకిళ్లలో చాలావాటికి సన్నటి ప్రెస్టా వాల్వ్ (గాలి కొట్టే మూతి) ఉంటుంది. దారిలోని పంక్చర్ షాపు గొట్టం దానికి పట్టదు. సైకిలు షాపులో దొరికే చిన్న ఇత్తడి అడాప్టర్ బిగిస్తే పడుతుంది. గోరంత ఉండే ఆ ముక్కను పంపుకు టేపుతో అంటించి ఉంచండి. ట్యూబులు కొనేముందు ఎవరి చక్రం సైజు ఎంతో రాసుకోండి. 26, 27.5, 29 అంగుళాలు, 700సి అని ఒక్కో సైకిలుకు ఒక్కోటి ఉంటుంది. ఒకరి ట్యూబు ఇంకొకరికి పనికిరాకపోవచ్చు కాబట్టి ప్రతివాళ్లూ తమ ట్యూబు తామే తెచ్చుకోవాలి. పంపు, టైరు లివర్లు (టైరు ఊడదీసే పుల్లలు), ప్యాచ్ కిట్టు, అలెన్ కీలు (ఆరు పలకల బోల్టులు తిప్పేవి) గుంపుకు రెండు సెట్లు చాలు. ఒకటి ముందువాళ్ల దగ్గర, ఒకటి చివరివాళ్ల దగ్గర.

హెల్మెట్, వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు లేనివాళ్లను తీసుకెళ్లకండి. ఇందులో మొహమాటం వద్దు. పగలు వెళ్తున్నాం కదా అంటారు, పంక్చరై రెండు గంటలు ఆలస్యమైతే చీకట్లోనే తొక్కాలి.

సామాను

బైక్‌ప్యాకింగ్ బ్యాగులు కొనకండి, ఇప్పుడే వద్దు. వెనక క్యారియర్, నీళ్లు చొరబడని సంచి ఒకటి, బిగించడానికి హుక్కుల సాగే తాళ్లు రెండు మూడు ఉంటే పని జరిగిపోతుంది. పాత సైకిలు ట్యూబు కోసిన రబ్బరు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మన పాలవాళ్లు, పేపరు వాళ్లు దశాబ్దాలుగా అలాగే కడుతున్నారు. ఒక్కటే జాగ్రత్త, తాడు కొసలు గాని బట్ట అంచులు గాని చక్రంలోకి వేలాడకూడదు. కట్టాక సైకిలును ఎత్తి పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ కట్టండి.

బరువు కిందికి, మధ్యకు ఉండాలి. నీళ్లు, పనిముట్లు ఫ్రేము దగ్గర. బట్టలు, దుప్పటి వెనక. తేలికగా ఉండి చోటు ఎక్కువ తినే మ్యాట్ లాంటివి హ్యాండిల్ ముందు. కానీ అక్కడ ఎక్కువ కడితే హ్యాండిల్ తిరగదు, బ్రేకు కేబుళ్లు నలుగుతాయి. వీపుకు బ్యాగు తగిలించుకుని తొక్కొద్దు. గంటలో భుజాలు పడిపోతాయి, చొక్కా తడిసి ముద్దవుతుంది.

నీళ్లు కాకుండా మనిషికి ఆరేడు కిలోలు దాటకూడదు. తప్పనిసరిగా కావలసినవి ఇవి:

- ఇద్దరికొక టెంటు (గుడ్డ ఒకరు, కడ్డీలూ మేకులూ ఇంకొకరు మోయాలి)
- మ్యాట్, పల్చటి దుప్పటి
- రాత్రికి ఒక జత పొడి బట్టలు, పొడి సాక్సులు
- తలకు పెట్టుకునే టార్చి
- రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు
- దోమల క్రీము, సన్‌స్క్రీన్, సొంత మందులు
- పవర్ బ్యాంకు, కొంత చిల్లర డబ్బు
- చెత్త వేసుకోవడానికి ఖాళీ సంచి

స్లీపింగ్ బ్యాగు లిస్టులో లేదు, చూశారా. జనవరిలో కూడా విశాఖ తీరంలో రాత్రి చలి ఒక దుప్పటితో ఆగిపోతుంది. చలికంటే కింద నేల తేమ ఇబ్బంది పెడుతుంది, అందుకే మ్యాట్ మీద రాజీ పడకండి. టెంట్లు కొనకుండా అద్దెకు తెచ్చుకోవచ్చు, మీరు బస చేసే చోటే ఇస్తారేమో కూడా అడగండి. వాళ్లే టెంట్లు ఇస్తే మొదటిసారికి అంతకంటే సుఖం లేదు, బరువు సగమవుతుంది.

సామాను కట్టిన సైకిలు తొలిసారి తొక్కినప్పుడు వింతగా ఉంటుంది. మలుపులో బరువు ఒక పక్కకు లాగుతుంది, బ్రేకు వేస్తే ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. అది బయల్దేరే రోజున తెలియకూడదు. ముందురోజు సాయంత్రం అన్నీ కట్టుకుని వీధుల్లో నాలుగైదు కిలోమీటర్లు తిరిగి రమ్మని అందరికీ చెప్పండి.

రోడ్డు మీద

కలిసే చోటుగా ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం పెట్టుకోండి. 2002లో తెరిచిన ఆ మ్యూజియం తెలియనివాళ్లు విశాఖలో లేరు, ముందు చోటు కూడా విశాలంగా ఉంటుంది. అరగంట ముందు రమ్మనండి. అందరి బ్రేకులు, గాలి, సామాను కట్లు మీరే ఒకసారి చూడండి. తర్వాత గుంపుకు మూడే మూడు నియమాలు చెప్పండి.

ఒకటి, ముందు ఒకరు దారి చూపిస్తారు, వాళ్లను ఎవరూ దాటరు. చివర ఒకరు కాపు ఉంటారు, వాళ్ల వెనక ఎవరూ మిగలరు. రెండు, ఒకరి వెనక ఒకరు, మధ్యలో రెండు సైకిళ్ల దూరం. పక్కపక్కన కబుర్లు ఆగినప్పుడే. మూడు, ఆగాలనిపిస్తే చెయ్యెత్తి “ఆగుతున్నా” అని అరిచి, రోడ్డు దిగి ఆగాలి. రోడ్డు మీద ఎవరూ ఆగరు.

చివరి కాపు పని అందరికన్నా ముఖ్యమైనది. గుంపులో అందరికంటే ఓర్పున్న మనిషికే ఇవ్వండి, బలమైన మనిషికి కాదు. నెమ్మదిగా వచ్చేవాళ్ల పక్కన నవ్వుతూ ఉండగలగాలి. “ఇంకెంతో లేదు” అని అబద్ధం చెప్పకుండా “ఇంకో నాలుగు కిలోమీటర్లకు టీ” అని నిజం చెప్పగలగాలి. ఇంకో సంగతి, వెనకబడినవాళ్లు వచ్చి చేరగానే ముందువాళ్లు లేచి బయల్దేరకూడదు. ముందువాళ్లు పది నిమిషాలు కూర్చుని ఉంటారు, పాపం వీళ్లకు ఊపిరి తీసుకునే టైము కూడా ఉండదు. చివరి మనిషి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి, తానే “వెళ్దామా” అన్నాక కదలండి.

మొదటి ఎత్తు కైలాసగిరి కింద, తెన్నేటి పార్కు దగ్గర వస్తుంది. ఎత్తు మొదలవకముందే తేలిక గేరుకు మారమని చెప్పండి. సగం ఎక్కాక బలంగా తొక్కుతూ మారిస్తే చైను జారుతుంది. పార్కు దగ్గర మొదటి ఆగుడు. అక్కణ్నుంచి జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ మీదుగా రుషికొండ. శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ ఇదే. బాత్రూములు ఉంటాయి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగండి. అరటి పండు, పల్లీ చిక్కీ తినిపించండి. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే, దాహం వేశాక తాగితే ఇంకా ఆలస్యమైనట్టు. పావుగంటకోసారి రెండు గుక్కలు అందరిచేతా తాగించండి.

రుషికొండ దాటాక రోడ్డు ఎక్కుతూ దిగుతూ పోతుంది. ఎడమవైపు తొట్లకొండ, పైన రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం. చూడాల్సిన చోటే కానీ సామానుతో ఆ ఘాట్ రోడ్డు ఎక్కడం కొత్తవాళ్ల మోకాళ్లకు భారం. ఇంకోరోజు ఖాళీ సైకిళ్లతో రండి. దిగుడుల్లో జాగ్రత్త ఎక్కువ కావాలి. రెండు బ్రేకులూ కలిపి కొద్దికొద్దిగా పట్టాలి, ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కకూడదు. రోడ్డు అంచున గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పేరుకుని ఉంటుంది. దాని మీద బ్రేకు వేసినా, హ్యాండిల్ తిప్పినా చక్రం జారిపోతుంది. నిటారుగా, తొక్కడం ఆపి, అలా దాటించేయండి.

మంగమారిపేట దగ్గర టీ. భీమిలి ఇంకా కొద్ది దూరం ఉందనగా ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. వేల ఏళ్లుగా గాలి, వాన, సముద్రం కలిసి చేసిన ఈ ఎర్ర ఇసుక లోయలు జాతీయ భూ వారసత్వ స్థలం. సైకిళ్లు రోడ్డు పక్కనే ఉంచి నడిచి చూడండి. సైకిలు టైర్లు ఆ దిబ్బల అంచుల్ని కోసేస్తాయి, మళ్లీ అవి ఏర్పడవు. ఎవరైనా వీడియో కోసం తొక్కుతానంటే గట్టిగా వద్దనండి.

ఎవరైనా నిజంగా అలిసిపోతే, తల తిరుగుతోందన్నా, చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతున్నా, నీడలో పడుకోబెట్టి మెడ మీద, చంకల్లో తడిగుడ్డ పెట్టండి. స్పృహలో ఉంటే ఓఆర్ఎస్ తాగించండి. మాట తడబడుతున్నా, చెమట ఆగి ఒళ్లు కాలుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. మామూలు అలసటే అయితే ఆటోలో సైకిలుతో సహా ముందుకు పంపించేయండి. అందులో చిన్నతనం ఏమీ లేదని బయల్దేరే ముందే అందరికీ చెప్పి ఉంచాలి. అప్పుడే ఎవరైనా నోరు తెరిచి అడుగుతారు.

టెంటు వేయడం

చేరగానే కూర్చుంటే లేవరు. పదిహేను నిమిషాలు టైమిచ్చి, వెలుతురు ఉండగానే టెంట్లు మొదలుపెట్టండి. కొబ్బరి చెట్ల కింద వద్దు. రాత్రి బొండాం గాని మట్ట గాని పడితే టెంటు గుడ్డ ఆపలేదు. సరుగుడు చెట్ల మధ్య గాలి తగ్గుతుంది, నేల మెత్తగా ఉంటుంది. ఎండు పుల్లలు, ఆల్చిప్పలు ఏరి, తర్వాతే పట్టా పరవండి.

ఇసుకలో మామూలు మేకులు నిలబడవు, ఇలా లాగితే అలా వచ్చేస్తాయి. ఒక ప్లాస్టిక్ సంచిలో ఇసుక నింపి, మూతి దగ్గర టెంటు తాడు కట్టి, అడుగు లోతు గుంటలో పాతిపెట్టి పైన తొక్కండి. సంచి లేకపోతే జానెడు కర్రముక్కకు మధ్యలో తాడు కట్టి అడ్డంగా పాతండి. రెండూ గట్టి గాలికీ కదలవు. పొద్దున వాటిని తవ్వి తీయడం మర్చిపోవద్దు.

పగలు గాలి సముద్రం మీంచి వస్తుంది, రాత్రి నేల మీంచి సముద్రం వైపు తిరుగుతుంది. కాబట్టి సాయంత్రం గాలిని చూసి గుమ్మం పెడితే అర్ధరాత్రి తారుమారవుతుంది. గుమ్మం సముద్రానికీ నేలకూ ఎదురుగా కాకుండా పక్కకు పెట్టడం మేలు. పై కవరు వేయండి, తీర ప్రాంతంలో మంచు బాగా కురుస్తుంది. అలాగని కిటికీలన్నీ మూసేస్తే మీ ఊపిరి ఆవిరే లోపల చుక్కలు కట్టి దుప్పటి తడుపుతుంది. జాలీ ఉన్న కిటికీలు రెండు తెరిచి ఉంచండి.

సైకిళ్లు ఇసుకలో పడుకోబెట్టకండి. చెట్టుకు ఆనించి, చైను ఉన్న పక్క బయటికి ఉండేలా పెట్టి, అన్నీ కలిపి ఒక పొడవాటి గొలుసుతో తాళం వేయండి.

తిండి

వంట పెట్టుకోవాలని ఉత్సాహం ఉంటుంది. మొదటిసారి వద్దు. గిన్నెలు, గ్యాసు, బియ్యం, ఉప్పు అని సగం బరువు వంటకే పోతుంది. అలిసిన మనుషులు తొమ్మిదింటికి ఆకలితో అన్నం ఉడికే దాకా కూర్చోవాలి. భీమిలిలో హోటళ్లున్నాయి. చేపల వేపుడు తినేవాళ్లు తింటారు, శాకాహారులకు చపాతీ, పప్పన్నం పార్శిల్ తెచ్చుకోవచ్చు. బస చేసే చోటే వండి పెడతామంటే ముందురోజే మనుషుల లెక్క చెప్పండి. టీకి మాత్రం చిన్న స్టవ్ ఒకటి తెచ్చుకుంటే పొద్దున దాని విలువ తెలుస్తుంది. గాలికి అడ్డం పెట్టి, టెంటుకు దూరంగా వెలిగించాలి. టెంటు లోపల స్టవ్ ఎట్టి పరిస్థితిలోనూ వెలిగించకూడదు, మంటా ప్రమాదమే, పొగా ప్రమాదమే.

ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్ ఒకటి తెప్పించండి. తీరంలో బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి.

మందు సంగతి సూటిగా చెప్తాను. ఈ ట్రిప్పులో వద్దని ముందే గ్రూపులో రాయండి. పక్కన సముద్రం, మర్నాడు రోడ్డు, కొత్త మనుషులు. ఈ మూడూ ఉన్నచోట అది కుదరదు.

రాత్రి

నీళ్లలోకి దిగడం సాయంత్రమే ముగించండి. అదీ మోకాలి లోతు దాకానే. ఈ తీరంలో పైకి ప్రశాంతంగా కనిపించే చోట కూడా లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. ఏటా ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా మనుషులు కొట్టుకుపోతూనే ఉన్నారు, వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు. చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా ఒడ్డుకు వెళ్లకూడదు. వెళ్తే ఇద్దరు, చెప్పి వెళ్లాలి.

జనవరి నుంచి మార్చి దాకా ఈ ఒడ్డుకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్లటి టార్చి వెలుగు, మంటలు, చప్పుడు ఉంటే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతాయి. అందుకే ఒడ్డున క్యాంప్‌ఫైర్ వద్దు, టార్చి నేల వైపే ఉండాలి, ఎర్ర వెలుగు ఉంటే అదే వాడండి. తాబేలు కనిపిస్తే దూరంగా కూర్చుని చూడండి. ఫ్లాష్ వేయొద్దు, ముట్టుకోవద్దు, గుడ్లున్న గుంత కనిపిస్తే అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. మొదటిసారి చూసినవాళ్లకు ఆ రాత్రి జీవితాంతం గుర్తుండిపోతుంది. ఆ అవకాశం తాబేలుకూ మనకూ పాడుచేయకండి.

పడుకునేముందు ఫోన్లు, పర్సులు, తాళాలు టెంటు లోపల. చెప్పులు కూడా లోపలే, బయట ఉంచితే పొద్దున దులిపి వేసుకోవాలి. తిండి పొట్లాలు టెంటులో పెట్టుకుంటే కుక్కలు గీరుతాయి, కాపలా మనిషి గదిలో పెట్టండి. పదింటికి మాటలు ఆపేద్దామని ముందే అనుకోండి. కొత్తచోట నిద్ర పలచగా పడుతుంది, అది మామూలే. నిద్ర పట్టలేదని ఎవరైనా పొద్దున కంగారు పడితే ఈ మాటే చెప్పండి.

పొద్దున, తిరుగు ప్రయాణం

ఐదున్నరకు లేపండి. ఆరు దాటాక సూర్యుడు నేరుగా నీళ్లలోంచే వస్తాడు, తూర్పు తీరంలో ఉన్న మనకు ఆ అదృష్టం ఉంది. టీ అయ్యాక టెంట్లు దులిపి, మంచు తడి ఆరేదాకా పై కవరు ఆరేసి, ఈలోగా చోటంతా ఒక వరసలో నడుస్తూ చెత్త ఏరండి. మనం పడేయనివి కూడా. కాపలా మనిషికి, శుభ్రం చేసే అమ్మకు ఎంతో కొంత చేతిలో పెట్టి, పేరు అడిగి, థాంక్స్ చెప్పి రండి. తర్వాతి గుంపుకు ఆ గేటు తెరుచుకునేది దాని వల్లే.

ఊళ్లోకి వెళ్లి ఇడ్లీయో పూరీయో తిని, ఓపిక ఉంటే డచ్చివాళ్ల పాత సమాధుల తోట, లైట్‌హౌస్ చూసి, ఏడున్నర ఎనిమిదికల్లా తిరుగు ముఖం పట్టండి. నిన్న రోడ్డుకు అవతల ఉన్న సముద్రం ఇవాళ మీ పక్కనే ఉంటుంది. కాళ్లు మొదటి ఐదు కిలోమీటర్లు మొరాయిస్తాయి, తర్వాత సర్దుకుంటాయి. సీటు దగ్గర రాపిడి ఉన్నవాళ్లకు వాజలిన్ ఇవ్వండి. దగ్గరపడ్డాం కదా అని వేగం పెంచే ఆఖరి ఐదు కిలోమీటర్లలోనే ట్రాఫిక్ ఎక్కువ, ఆదివారం పొద్దున బీచ్‌కు వచ్చే జనమూ ఎక్కువ. నిన్నటి నియమాలు అక్కడ కూడా అవే.

ఇల్లు చేరాక అదే రోజు సైకిలును మంచినీళ్లతో కడగాలి. పైపు ధార చక్రాల మధ్య బేరింగుల మీదికి నేరుగా కొట్టకుండా, బకెట్టు, గుడ్డతో తుడవండి. ఉప్పు గాలి ఒక్క రాత్రిలోనే చైను మీద తుప్పు మొదలుపెడుతుంది. చైను ఆరాక ఇసుక రేణువులు పోయేలా బ్రష్‌తో రుద్ది, ఆయిల్ వేసి, పైపైన ఉన్నది తుడిచేయండి. టెంటును నీళ్లలో ముంచి తీసి, నీడలో పూర్తిగా ఆరాకే మడవండి.

ఖర్చు లెక్క ఆ సాయంత్రమే గ్రూపులో పెట్టి తేల్చేయండి. ఆ తర్వాత గుంపులో అందరికన్నా నెమ్మదిగా తొక్కినవాళ్లకు విడిగా ఫోన్ చేసి, ఎక్కడ కష్టంగా అనిపించింది, ఏది మారిస్తే మళ్లీ వస్తారు అని అడగండి. రెండో ట్రిప్పు తేదీ వాళ్లతో మాట్లాడాకే పెట్టండి.